బడిపిల్లల చేతికి బావి తాడు ఇవ్వండి

నాలుగో తరగతి పిల్లవాణ్ణి లేపి నీటి చక్రం గురించి అడగండి. సముద్రం, ఆవిరి, మబ్బు, వాన అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అదే పిల్లవాణ్ణి "మీ బాయిల నీళ్ళు ఎన్ని గజాల లోతున ఉన్నయిరా? పోయిన నెలకూ ఇప్పటికీ ఎంత దిగినయి?" అని అడగండి. బిక్కమొహం వేస్తాడు. వాణ్ణి తప్పుపట్టకండి. అదే ప్రశ్న మనల్ని అడిగితే మన జవాబు కూడా "చానా లోతుకు పోయినయి సార్" అన్నంత వరకే.

రైతు సోదరులారా, ఎరువు బస్తా ధర మనకు రూపాయితో సహా గుర్తుంటుంది. మిర్చి, పత్తి ఏ రోజు ఏ ధర పలికిందో నోటికి వస్తుంది. పంటకు ప్రాణమైన నీటికి మాత్రం మన దగ్గర లెక్క లేదు. ఆ లెక్కను మన ఇంట్లోకి తేగలిగినవాళ్ళు మన పిల్లలే. నీళ్ళ పాఠం బడి గోడల మధ్య ఆగిపోకుండా మన చేనులో, మన బావి దగ్గర, పిల్లల చేతులతో జరగాలని ఈ వ్యాసంలో అడుగుతున్నాను. బావి మనది, బోరు మనది, కుంట మన ఊరిది. కనుక దీనికి మొదట ఒప్పుకోవలసింది మాస్టారు కాదు, మనమే.

గడపలో కృష్ణ, చెలకలో కరువు

కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది మన మక్తల్ వైపే, తంగడి దగ్గర. ఆ సమీపంలోనే భీమానది వచ్చి కలుస్తుంది. 1995లో జూరాల ప్రాజెక్టు ప్రారంభమైంది. ఆ తర్వాత భీమా ఎత్తిపోతల పథకం వచ్చింది. పంచదేవ్‌పహాడ్ దగ్గర పంపులు జూరాల నీటిని ఎత్తిపోస్తే సంగంబండ, భూత్పూర్ రిజర్వాయర్లకు నీళ్ళు చేరుతున్నాయి. కాలువ కింద భూమి ఉన్నవారికి వరి కళ్ళజూసే భాగ్యం కలిగింది. కాలువ అందని ఎర్రచెలకలు, నల్లరేగళ్ళు మాత్రం ఇప్పటికీ వాననూ బోరునూ నమ్ముకునే ఉన్నాయి.

"నది గింత దగ్గర ఉంటే మన చేనుకు నీళ్ళెందుకు రావు నాయినా?" అని పిల్లలు అడుగుతారు. దీనికి జవాబు మాటలతో చెప్పనక్కరలేదు. ఊళ్ళో మేస్త్రీ దగ్గర లెవల్ పైపు ఉంటుంది. దానిలో నీళ్ళు పోసి, రెండు కొసలు ఇద్దరు పిల్లల చేతికివ్వండి. ఒకడు తన కొసను ఎంత పైకెత్తినా నీళ్ళు దాంతోపాటు ఎక్కవు. రెండు వైపులా ఒకే మట్టంలో నిలబడతాయి. నది పల్లంలో ఉంది, మన చేను మెరక మీద ఉంది, కరెంటు ఖర్చుపెట్టి ఎత్తితే తప్ప నీళ్ళు రావు అన్న సంగతి అయిదు నిమిషాల్లో వాళ్ళకు బోధపడుతుంది. కాలువలో వచ్చే ప్రతి బిందె వెనుక ఒక మోటరు తిరుగుతోందని తెలిసిన పిల్లవాడు, తూము పగిలి నీళ్ళు దారి పాలవుతుంటే చూస్తూ ఊరుకోడు.

సీసా చెప్పే పాఠం

పల్లె బడిలో ప్రయోగశాల లేదని అనుకోవద్దు. చెత్తకుప్పలో పారేసిన ప్లాస్టిక్ సీసాలు చాలు.

మూడు సీసాల అడుగులు కోసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులుగా నిలబెట్టండి. ఒకదాంట్లో వాగు ఇసుక, ఇంకోదాంట్లో చెలక మట్టి, మూడోదాంట్లో రేగడి మట్టి సమానంగా నింపి, తలా ఒక గ్లాసు నీళ్ళు పోయించండి. ఇసుకలోంచి నీళ్ళు వెంటనే కారతాయి. చెలక మట్టి కొంత పట్టుకుని కొంత వదులుతుంది. రేగడి తాగి కూర్చుంటుంది, చుక్కచుక్కగా గానీ వదలదు. రేగట్లో పంట వానలు వెనుకబడినా ఎందుకు ఓర్చుకుంటుందో, చెలకలో పంట పది రోజులకే ఎందుకు వాడుతుందో ఏడేళ్ళ పిల్లకు కూడా ఇట్టే తెలిసిపోతుంది.

రెండు పాత రేకు పళ్ళాల్లో మట్టి పోసి ఒక పక్కకు వాల్చండి. ఒకదాన్ని ఉత్తగా వదిలేసి, రెండోదాని మీద వేరుశనగ పొట్టు గానీ గడ్డి గానీ కప్పండి. చిల్లులు పొడిచిన డబ్బాతో రెంటి మీదా వానలాగా నీళ్ళు చల్లించండి. ఉత్త మట్టి మీది నుంచి ఎర్రటి బురదనీళ్ళు ఉరుకుతాయి. కప్పిన దాని నుంచి కొద్దిపాటి తేటనీళ్ళు మెల్లగా వస్తాయి. ఆ ఎర్రనీళ్ళలో పోయేది మీరు బండ్లకొద్దీ తోలిన పెంట ఎరువు, మీ తాతలనాటి మేలైన పైమట్టి. ఒడ్డు ఎందుకు వేయాలో, వాలుకు అడ్డంగా ఎందుకు దున్నాలో దీన్ని మించి చెప్పే పుస్తకం లేదు.

వేపకొమ్మకో, కందిమొక్కకో ఎండపూట పాలిథిన్ సంచి తొడిగి మొదట్లో దారం కట్టండి. రెండు మూడు గంటల్లో సంచి లోపల నీటి బొట్లు పట్టి ఉంటాయి. ఆకు ఊపిరి వదిలినట్టు నీటిని వదులుతుందని పిల్లలు కళ్ళారా చూస్తారు. చేనులో కలుపు ఎందుకు తీయాలో కూడా అప్పుడే తెలుస్తుంది. కలుపు మొక్క ఎరువుతోపాటు నీళ్ళనూ దొంగిలిస్తుంది.

వానను కొలిచే సీసా

తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలకు కొలతలు నేర్పవచ్చు. మొదటిది వాన కొలత.

నిటారు గోడలున్న సీసాను పైభాగం కోసి, కోసిన ముక్కను గరాటులాగా బోర్లించి అందులో పెట్టాలి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి చిన్న రాళ్ళు వేసి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీయాలి. అక్కడి నుంచి స్కేలు అతికిస్తే వాన కొలిచే సాధనం తయారు. చెట్టు కిందా గోడ పక్కనా కాకుండా బయలులో, గాలికి పడిపోకుండా పెట్టి, ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాసుకోవాలి. వాతావరణ శాఖ లెక్క కూడా ఎనిమిదిన్నరకే.

ఇది పిల్లల ఆట అని తీసిపారేయకండి. పత్తి, కంది వంటి పంటలు తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తుకోమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మండల కేంద్రంలో ఎంత పడిందో పేపర్లో వస్తుంది. కానీ వాన ఒక గట్టుకు ఇవతల పడి అవతల పడదు. మిరుగు రాగానే నాలుగు చినుకులు చూసి తొందరపడి గింజ వేసి, అది మొలక దశలోనే మాడిపోయి, మళ్ళీ విత్తనం ప్యాకెట్ల కోసం అప్పుకు తిరిగిన రైతులు మన ఊళ్ళలో ఎంతమంది లేరు? మీ చేనులో ఎంత పడిందో మీ బిడ్డ సీసా చూసి చెబితే ఆ ఖర్చు తప్పుతుంది. వాన వెలిసిన మరునాడు చెలకలో ఒకచోట, రేగట్లో ఒకచోట పుల్లతో తవ్వి తడి ఎన్ని అంగుళాలు దిగిందో కూడా కొలిపించండి. పదును అంటే ఏమిటో మీకు అనుభవం మీద తెలుసు. పిల్లలకు అది అంకెల్లో తెలుస్తుంది.

చదువురాని రైతులు చేసి చూపారు

"చిన్న పిల్లగాండ్లకు గిన్ని లెక్కలా?" అంటారేమో. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలై కొన్నేళ్ళు నడిచిన ఒక పథకాన్ని గుర్తుచేస్తాను. భూగర్భజలాల బాగోగులు రైతులే చూసుకునేందుకు పెట్టిన ఆ పథకాన్ని ఏపీ ఎఫ్.ఎ.ఎం.జి.ఎస్. అనేవారు. నెదర్లాండ్స్ దేశం సాయం చేసింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది. మన మహబూబ్‌నగర్, నల్గొండలతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో, ఆరువందలకు పైగా పల్లెల్లో స్వచ్ఛంద సంస్థలు దీన్ని నడిపాయి.

ఆ పల్లెల్లో వానను రోజూ రైతులే కొలిచారు. ఎంచుకున్న బావుల్లో పదిహేను రోజులకోసారి నీటిమట్టం చూశారు. బోర్ల పారకం లెక్కగట్టారు. ఆ అంకెలను ఊరి నడుమ గోడల మీద అందరికీ కనబడేలా రాశారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిందెంత అని బడ్జెట్ వేసుకున్నారు. ఎవరు ఏ పంట వేయాలో ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క ముందు పెట్టారు, నిర్ణయం ఎవరిది వారికే వదిలారు. ఆ కొలతలు తీసినవారిలో బడి గడప తొక్కని ఆడవాళ్ళు, మగవాళ్ళు ఉన్నారు. ఎక్కాలు వచ్చిన అయిదో తరగతి పిల్లలకు అది సాధ్యం కాదా?

పథకాలు వస్తాయి, డబ్బులు అయిపోగానే పోతాయి. బడి మాత్రం ఊళ్ళో ఉంటుంది. ఏటా కొత్త పిల్లలు వస్తారు. అందుకే ఈ కొలతలు బడి పనిగా మారితేనే పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఆగకుండా సాగుతాయి.

తాడు, డ్రమ్ము, గడియారం

బావి కొలవడానికి ఖరీదైన సామాను అక్కరలేదు. సన్నని తాడుకు అడుగుకొక ముడి వేసి, కొసకు చిన్న రాయిగానీ ఇనుప ముక్కగానీ కట్టాలి. గట్టు మీద ఒకచోట సున్నంతో గుర్తు పెట్టి, ప్రతిసారీ అక్కడి నుంచే తాడు వదలాలి. తడిసినంత మేర తీసేస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. మోటరు నడిచేటప్పుడు కొలిస్తే లెక్క తప్పుతుంది. రాత్రంతా ఆపి, పొద్దున్నే కొలవాలి.

బోరు పారకానికి 200 లీటర్ల డ్రమ్ము, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. డ్రమ్ము 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు. ఎండాకాలం వచ్చేసరికి అదే డ్రమ్ముకు 100 సెకన్లు పడితే గంటకు 7,200 లీటర్లకు పడిపోయినట్టు. బోరు ఒక్కరోజులో ఎండదు. ముందునుంచే చెబుతూ ఉంటుంది. వినే చెవి మన దగ్గర లేదు.

ఇక అసలు లెక్క చూడండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్లు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాదికి సాధారణంగా కురిసేది 600 మిల్లీమీటర్ల చిల్లర. అంటే ఎకరం మీద 24 లక్షల లీటర్లు. మన రాతినేలల్లో అందులో భూమి అడుగుకు చేరేది సుమారు పదో వంతు, అంటే రెండు లక్షల నలభై వేల లీటర్లు. ఎకరం వరికి కావలసింది 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు. ఒక్క ఎకరం వరిని బోరు మీదే పండించాలంటే ఇరవై ఎకరాల్లో ఇంకిన నీరు కావాలన్న మాట. మడిలోంచి కొంత నీరు తిరిగి భూమిలోకి ఇంకుతుంది. ఆ మినహాయింపు సగం వేసుకున్నా పది ఎకరాలు. జొన్నకు 400 నుంచి 500, వేరుశనగకు 500 నుంచి 600 మిల్లీమీటర్లు సరిపోతాయి.

ఈ గుణింతం అయిదో తరగతి పిల్ల చేయగలదు. చేసి, అన్నం తినేటప్పుడు మీ ముందు పెడితే మీకు కోపం రావచ్చు. రానివ్వండి. మనది గట్టిరాతి నేల. నీళ్ళు పైనున్న శిథిల రాతిలో, దాని కింది పగుళ్ళలో ఉంటాయి. పగుళ్ళు చాలావరకు మొదటి మూడు వందల అడుగుల్లోనే అయిపోతాయి. అప్పుచేసి ఇంకా లోతుకు బోరుబండి దింపితే దుమ్ము తప్ప చుక్క రాక, ఆ అప్పు తీర్చడానికి బతుకుతెరువు వెతుక్కుంటూ ముంబై, పుణె బస్సులెక్కిన పాలమూరు కుటుంబాల సంగతి మీకు నేను చెప్పాలా? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక కరెంటు బాధ తగ్గింది. కానీ స్టార్టరు దానంతటదే పనిచేస్తుంటే మోటరును ఆపమని గుర్తుచేసేది ఏదీ లేదు. ఇంట్లో లెక్క రాసే పిల్ల ఉంటే ఆ పని చేస్తుంది.

తేటగా ఉన్నంత మాత్రాన

తాగే నీళ్ళ పాఠం మరింత ముఖ్యం. బురదనీళ్ళలో పటిక తిప్పితే తేరుకోవడం పిల్లలకు చూపించండి. వెంటనే ఇంకో సంగతి కూడా చెప్పండి. తేటగా ఉన్న నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో బోరు నీళ్ళు కంటికి అద్దంలాగే కనిపించాయి. వాటిలోని ఫ్లోరైడ్ తరాల తరబడి ఎముకలు వంచింది, పళ్ళకు గారలు తెచ్చింది. లీటరులో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాముకు మించకుండా ఉండాలి, వేరే నీరు లేనిచోట ఒకటిన్నర వరకు అనుమతిస్తారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ పద్ధతి' అనే పేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాలు పల్లెలకు నదినీరు తెచ్చాయి. అయినా చేనుకు పోయిన చోట బోరు నీళ్ళు తాగే అలవాటు పోలేదు. కన్ను, నాలుక చెప్పలేనిదాన్ని పరీక్ష చెబుతుందని పిల్లలకు చిన్ననాడే నాటుకోవాలి. చేనులోని బోరు నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపడం కూడా ఒక పాఠమే.

అడ్డం మనమే

బడిలో ఇద్దరే పంతుళ్ళు, అయిదు తరగతులు. వాళ్ళకు తీరిక ఎక్కడిది అని ఒక మాట వినిపిస్తుంది. నిజమే. అందుకే రైతు కూడా గంటసేపు పంతులు కావాలి. ఇంకొక మాట: "సదువు చెప్పమని పంపితే సారు పిల్లలతోని బాయి కొలిపిస్తుండు." చదువంటే పలక మీది అక్షరం ఒక్కటే అనుకున్నన్నాళ్ళు ఈ మాట పోదు. ముడులు లెక్కబెట్టడం కూడిక, పోయిన నెలతో పోల్చడం తీసివేత, లీటర్లు కట్టడం గుణకారం. అదే గణితం, అదే పరిసరాల విజ్ఞానం.

భయం మాత్రం న్యాయమైనది. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లలు బావి గట్టెక్కకూడదు. గట్టులేని బావిని ఈ పనికి ఎంచుకోవద్దు. మట్టి కోసం తవ్విన కుంట గుంతల్లో లోతు పైకి తెలియదు. అక్కడికి అసలే పోనివ్వవద్దు. ఈ జాగ్రత్త చెప్పడం కూడా నీళ్ళ పాఠంలో భాగమే.

మరొకటి చెప్పక తప్పదు. వాన కొలిచే పుస్తకంలో వానాకాలం చివరి పేజీలు ఖాళీగా ఉంటే అర్థమేమిటో మనకు తెలుసు. ఆ పిల్ల పత్తి విత్తనాల క్రాసింగుకు కూలికి పోయింది, లేదా తల్లిదండ్రులతో వలస పోయింది. నీళ్ళు లేక అప్పు, అప్పు వల్ల పిల్ల కూలి, కూలి వల్ల చదువు బందు. ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగాలి. రోజువారీ ఇచ్చే కూలి కన్నా ఆ పుస్తకంలో నిండే పేజీ మీ భూమికి ఎక్కువ పనికొస్తుంది. ఆడపిల్ల విషయంలో ఇది మరీ నిజం. ఇంటికి నీళ్ళు మోసేది తనే. తను మోసే నీటి లెక్క చెప్పే హక్కు కూడా తనదే.

ఈ మిరుగు నుంచే

ఖర్చు లేని పనులు నాలుగు అడుగుతున్నాను. ఊరికి రెండు బావులు, రెండు బోర్లు పిల్లల కొలతకు ఇవ్వండి, ఆసాములే దగ్గరుండండి. పదిహేను రోజులకోసారి ఒక గంట కేటాయించండి. బడి కమిటీ సమావేశంలో భోజనం, యూనిఫాం గురించి అడిగినట్టే "వాన పుస్తకం రాస్తున్నారా?" అని అడగండి. బడి గోడకో, పంచాయతీ గోడకో నల్లరంగు పూసి, వాన ఎంత, బావి మట్టం ఎంత, డ్రమ్ము ఎన్ని సెకన్లకు నిండింది అనే మూడు అంకెలు పిల్లల చేతనే రాయించండి.

దీంతో వాన ఎక్కువ కురవదు. ఎండిన బోరు మళ్ళీ పారదు. ఉన్న నీళ్ళు ఎన్నో తెలుస్తుంది, అంతే. దీపావళి దాటి యాసంగి మాట వచ్చినప్పుడు, నారు పోయకముందే ఒక్కసారి మీ బిడ్డను ఆ పుస్తకం తెమ్మనండి. వానాకాలం పేజీలు చదివించుకోండి. పోయినేటి కన్నా బావి రెండు గజాలు కిందికి ఉందని ఆ పుస్తకం చెబితే, ఆ ఎకరంలో వరి మానేసి వేరుశనగో, జొన్నో వేయండి.